పాత టీషర్టులతో తొలి బొంత: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

మా అబ్బాయి ఇంజనీరింగు పూర్తిచేసి, హాస్టలు ఖాళీ చేసి ఇంటికి వచ్చిన రోజున వాడి సంచిలోంచి 19 టీషర్టులు బయటపడ్డాయి. కళాశాల ఉత్సవాలవి కొన్ని, క్రికెట్ జట్టువి కొన్ని, రక్తదాన శిబిరంలో ఇచ్చినది ఒకటి. వేసుకోవడానికి అవి పనికిరావు, పారేయడానికి వాడికి మనసొప్పదు. మా అమ్మ పాత చీరలతో బొంతలు కుడుతుంటే చూస్తూ పెరిగినదాన్ని కనుక, వీటితో ఒక బొంత కుట్టడం పెద్ద పనేమీ కాదనుకున్నాను. అట్టముక్క పెట్టి ముక్కలన్నీ ఒకే కొలతకు కత్తిరించి, ఇంట్లో ఉన్న కాలిమిషను మీద నేరుగా వరసలు కుట్టుకుంటూ పోయాను. మూడు వరసలు పూర్తయ్యాక చాప మీద పక్కపక్కన పరిచి చూస్తే మొదటిది 42 అంగుళాలు, రెండోది 43న్నర, మూడోది 45 అంగుళాలు వచ్చింది. కొలతలో పొరపాటు లేదు, కత్తిరింపులోనూ లేదు. గుడ్డ స్వభావాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

ఆ కుట్లన్నీ విప్పి ఆ బొంతను మరో పద్ధతిలో పూర్తిచేశాను. తరువాతి ఏడాది మా చెల్లెలి కూతురి కోసం ఇంకొకటి ఇంకో పద్ధతిలో కుట్టాను. మొదటిసారి కుట్టబోయేవారు సాధారణంగా రంగుల కూర్పుతోనో, అంచు పట్టీతోనో ఆలోచన మొదలుపెడతారు. అవన్నీ తరువాతి సంగతులని నా గట్టి నమ్మకం. సాగే గుడ్డను సాగకుండా దేనితో పట్టి ఉంచాలన్నదే మొదట తేల్చుకోవలసిన విషయం. అది తేలితే మిషను కావాలా, లోపల దళసరి పొర వేయాలా, వెనక ఏ గుడ్డ పెట్టాలి అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

టీషర్టు గుడ్డ ఎందుకు సాగుతుంది?

చీర, పంచె, దుప్పటి వంటివి మగ్గం మీద నేసిన గుడ్డలు. వాటిలో పడుగు పోగులూ పేక పోగులూ ఒకదానినొకటి నిలువుగా, అడ్డంగా బిగించి పట్టుకుంటాయి కనుక ఐమూలగా లాగితే తప్ప అవి పెద్దగా సాగవు. టీషర్టు గుడ్డ నేసినది కాదు, అల్లినది. స్వెట్టరు అల్లినట్టే సన్నని నూలును ఉచ్చులో ఉచ్చుగా యంత్రం మీద అల్లుతారు. తమిళనాడులోని తిరుప్పూరు ఈ అల్లిక పరిశ్రమకే పేరు పొందింది. ఉచ్చు తన ఆకారం మార్చుకోగలదు కనుక గుడ్డ అడ్డంగా లాగితే బాగా, నిలువుగా లాగితే కొంత తక్కువగా సాగుతుంది. కత్తిరించిన అంచు ఊరుకోదు, చుట్టుకుపోతుంది. పక్క అంచులు వెనక వైపుకూ, పై అంచూ కింది అంచూ ముందు వైపుకూ చుట్టుకుంటాయి. చేతి ముక్క ఒకటి కత్తిరించి నాలుగు వైపులా మెల్లగా లాగి చూస్తే రెండు నిమిషాలలో ఈ సంగతి మీకే తెలుస్తుంది.

ఇటువంటి గుడ్డను మిషను కింద పెడితే పైనున్న పాదం నొక్కి పడుతుంది, కిందనున్న పళ్ళు ముందుకు లాగుతాయి. ఆ లాగుడులో ఒక్కో అతుకు కొద్దికొద్దిగా సాగుతుంది. ఒక ముక్కలో అది కంటికి ఆనదు, వరస మొత్తం మీద అంగుళాలుగా తేలుతుంది. నా మూడు వరసలకు జరిగినది అదే.

ముందుగా కొలత

పద్ధతులను పోల్చడానికి ఒకే కొలత ముందు పెట్టుకుంటే మంచిది. మామూలు చీర ఐదున్నర మీటర్ల పొడవు, సుమారు 45 అంగుళాల పన్నా ఉంటుంది. దానిని మూడు మడతలు పెడితే 72 అంగుళాల పొడవు, 45 అంగుళాల వెడల్పు గల మూడు పొరల పరుపు తయారవుతుంది. ఒక మనిషి కప్పుకోవడానికి అది చాలు. దాని మీద 14 అంగుళాల చదరాలను అడ్డంగా మూడు, నిలువుగా ఐదు చొప్పున అమర్చితే 42 అంగుళాల వెడల్పూ 70 అంగుళాల పొడవూ వస్తుంది, చుట్టూ సన్నని అంచు మిగులుతుంది. అంటే 15 టీషర్టులు చాలు. అతుకులకు ప్రతి వైపూ అర అంగుళం కలుపుకొని ముక్కను 15 అంగుళాలకు కత్తిరించాలి. నేసిన గుడ్డలతో చేసే బొంతలకు పావు అంగుళం చాలునంటారు గానీ, అంచు చుట్టుకుపోయే ఈ గుడ్డకు అర అంగుళం వదలకపోతే కుట్టు ఎక్కడో ఒకచోట జారుతుంది. పెద్దవారి టీషర్టులో 15 అంగుళాల చదరం సులువుగా వస్తుంది, పిల్లల చొక్కాలలో రాదు. పిల్లల దుస్తులతో కుట్టేవారు చదరాన్ని 8 లేదా 9 అంగుళాలకు తగ్గించుకొని ముక్కల సంఖ్య పెంచుకోవాలి.

మొదటి పద్ధతి: క్యాన్వాస్ అతికించి మిషను మీద కుట్టడం

జాకెట్టు మెడలకూ చొక్కా కాలర్లకూ దర్జీలు లోపల వేసే జిగురు గుడ్డను ఇక్కడ వాడతాము. దానికి ఒకవైపు జిగురు చుక్కలుంటాయి, ఇస్త్రీ వేడికి అవి కరిగి టీషర్టు వెనక వైపుకు అతుక్కుంటాయి, దానితో సాగుడు ఆగిపోతుంది. దుకాణాలలో క్యాన్వాస్, ఫ్యూజింగ్, బక్రం అనే పేర్లను కలగలిపి వాడుతుంటారు కనుక పేరు చెప్పి తెచ్చుకోవడం కంటే చేత్తో నలిపి చూసి ఎంచుకోవడమే క్షేమం. బక్రం అట్టలా నిలబడుతుంది, బొంతకు అది బొత్తిగా పనికిరాదు. నలిపినప్పుడు గరగరమనకుండా, మడతపెట్టి వదిలితే మెత్తగా వాలిపోయే అతి పలుచని రకమే కావాలి. ఆ గుడ్డ కూడా ఒకవైపు కొద్దిగా సాగేదైతే, సాగని దిశ టీషర్టు అడ్డానికి వచ్చేలా పెట్టాలి.

ముక్కను తిన్నగా 15 అంగుళాలకు కత్తిరించి అతికించడం చాలామంది చేసే తప్పు. ముందు బొమ్మ నడిమికి వచ్చేలా 17 అంగుళాలకు ఉజ్జాయింపుగా కత్తిరించి, వెనక 16 అంగుళాల క్యాన్వాస్ అతికించి, పూర్తిగా చల్లారాక అప్పుడు 15 అంగుళాల అట్టముక్క పెట్టి తుది కోత కోయాలి. ఇస్త్రీపెట్టెను గుడ్డ మీద జరపకూడదు. జరిపితే కింది టీషర్టు సాగి, సాగినట్టే అతుక్కుపోతుంది. ఒకచోట పది పదిహేను సెకన్లు నొక్కి పట్టి, ఎత్తి, పక్కన మళ్ళీ పెట్టాలి. అన్నిటికంటే ముందు ఒక చేతి ముక్క మీద ప్రయోగించి చూడాలి. టీషర్టులను ముందుగా ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడటానికి, సువాసనకు వేసే ద్రవాలు వేయకూడదు, ఆ పూత ఉంటే జిగురు సరిగా పట్టదు.

మిషనుకు బాల్‌పాయింటు సూది మార్చుకోవాలి, 14 నంబరు సరిపోతుంది. మామూలు సూది మొన ఉచ్చులను కోసుకుంటూ పోతుంది, అక్కడ చిల్లి పడి ఉతికినప్పుడల్లా పెద్దదవుతుంది. బాల్‌పాయింటు సూది మొన గుండ్రంగా ఉంటుంది కనుక ఉచ్చులను పక్కకు నెట్టి వాటి నడుమ దిగుతుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచుకుంటే లాగుడు తగ్గుతుంది.

ఈ పద్ధతిలో వచ్చే బొంత చదరాలు తీర్చిదిద్దినట్టు ఉంటాయి, మూలలు కలుస్తాయి, వాషింగ్ మిషనులో వేసినా ఓర్చుకుంటుంది. మిషను కుట్టు వేగంగా సాగుతుంది. అయితే ఇస్త్రీకి పట్టే సమయం తక్కువేమీ కాదు. 15 ముక్కలకు నాకు రెండు సాయంత్రాలు పూర్తిగా పట్టాయి. 16 అంగుళాల ముక్కలు పన్నాలో రెండేసి వస్తే మూడున్నర మీటర్ల లోపు క్యాన్వాస్ చాలు, ఒకటే వస్తే ఆరు మీటర్లకు పైగా కావాలి, కనుక పన్నా అడిగి కొనడం మంచిది. అసలు నష్టం మరొకటి ఉంది. పదేళ్ళు ఉతికి ఉతికి పూలరేకులా మెత్తబడిన టీషర్టు క్యాన్వాస్ తగలగానే ఆ మెత్తదనం పోగొట్టుకుంటుంది. నాసిరకం జిగురైతే కొన్ని ఉతుకుల తరువాత బుడగలు కూడా లేస్తాయి.

రెండో పద్ధతి: చీర పరుపు మీద చేతికుట్టు

ఇది మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న బొంత పద్ధతే. పాత నూలు చీరను మూడు మడతలు పెట్టి చాప మీద ముడత లేకుండా పరిచి, దాని మీద టీషర్టు ముక్కలు అమర్చి, కచ్చా కుట్టు వేసి, ఆ తరువాత పొరలన్నిటినీ కలుపుతూ వరసగా కుట్టుకుపోవడమే. ఇక్కడ సాగుడును ఆపేది జిగురు కాదు, కింద ఉన్న నేసిన గుడ్డ. ప్రతి ముక్కా ఎక్కడికక్కడ చీరకు అంటుకొని ఉంటుంది కనుక ఒక అతుకులోని లోపం పక్క అతుకుకు పాకదు. నా పాడైన మూడు వరసలను విప్పి, ఆ ముక్కలనే ఇలా కుట్టినప్పుడు అవి బుద్ధిగా కూర్చున్నాయి. గంతకు తగ్గ బొంత అన్నట్టు, సాగే పై గుడ్డకు సాగని కింది గుడ్డ తగిన జోడు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలు గల సిద్దీ తెగ స్త్రీలు కుట్టే కవంది అనే బొంతలలో ఇటువంటి పని ఎంతో అందంగా కనిపిస్తుంది. వారు చీర పరుపు మీద ఒక మూల నుంచి మొదలుపెట్టి, ముక్కల అంచులు మడుస్తూ, చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకువస్తారు. ఆ క్రమం కొత్తగా నేర్చుకునేవారికి ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే బయటి అంచు మొదటే గట్టిపడితే లోపలి ముక్కలు జరిగినా బొంత ఆకారం చెడదు. అయితే టీషర్టు గుడ్డకు నేనొక చిన్న మార్పు సూచిస్తాను. నాలుగు అంచులూ మడిస్తే మూలల్లో మందం పెరిగి సూది దిగదు. ఈ గుడ్డ పోగులు రాలదు కనుక ఒక ముక్క అంచును మడవకుండా పరిచి, పక్క ముక్క అంచును అర అంగుళం మడిచి దాని మీద కప్పితే సరిపోతుంది.

బస్తాలు కుట్టే దబ్బనం దీనికి వాడకూడదు, అది ఉచ్చులను తెంపుతుంది. పొడవుగా ఉండి మొన మరీ పదునుగా లేని సూది, మూడు పోగుల ఎంబ్రాయిడరీ దారం చాలు. ఒకటిన్నర అంగుళాలకు ఒక వరస చొప్పున నిలువుగా కుడితే 30 వరసలు వస్తాయి. ఒక్కోటి 72 అంగుళాలు, అంటే మొత్తం 55 మీటర్ల చేతికుట్టు. గంటకు రెండు మీటర్లు నడిచినా 27, 28 గంటల పని. రోజుకు గంట కూర్చుంటే నెల రోజులలో పూర్తవుతుంది. ఈ లెక్క తెలియకుండా మొదలుపెట్టిన బొంతలే సగంలో ఆగి అటక ఎక్కుతాయి కనుక ముందే చెబుతున్నాను.

ఫలితం మాత్రం శ్రమకు తగినదే. మిషను అక్కరలేదు, కరెంటు అక్కరలేదు, ఖర్చు దారానికే. బొంత మెత్తగా ఒంటికి అతుక్కుంటుంది, గాలి ఆడుతుంది, ఉతికితే ఒక ఎండకు ఆరిపోతుంది. వంకర కుట్టు కూడా ఇందులో లోపంగా కనిపించదు.

మూడో పద్ధతి: చదరానికో లైనింగు

ఇది పై రెంటికీ నడిమి దారి. 15 అంగుళాల టీషర్టు ముక్క వెనక అదే కొలతలో పాత పంచె ముక్కనో, లుంగీ ముక్కనో, జాకెట్టు లైనింగునో పెట్టి, చుట్టూ పావు అంగుళం లోపలికి మిషను కుట్టు వేసి, ఆ రెంటినీ ఒకే గుడ్డగా భావించి ముక్కలు కలుపుకుంటూ పోవాలి. అతుకు పడే అంచులు సాగవు, వేడి అవసరమే లేదు. పాలిస్టరుతో చేసిన ఆటల జెర్సీలకు ఇదే సరైనదని నా అనుభవం, ఎందుకంటే క్యాన్వాస్ అతకడానికి కావలసిన వేడికి ఆ గుడ్డ ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. టీషర్టు నూలుదో పాలిస్టరుదో తెలియకపోతే అంచు నుంచి చిన్న పీలిక తీసి, పట్టకారుతో పట్టుకొని, నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకొని కాల్చి చూడవచ్చు. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

దీనిలో ఒక లోపం ఉంది. అంచులు కదలకపోయినా చదరం నడుమ గుడ్డ వదులుగానే ఉంటుంది. కాబట్టి బొంత పూర్తయ్యేటప్పుడు నడిమిని కూడా వెనక గుడ్డకు కుట్టో ముడో వేసి పట్టి ఉంచాలి, లేకపోతే ఆరు నెలలకు ప్రతి చదరమూ సంచిలా వేలాడుతుంది.

బొమ్మలు చెప్పే తీర్పు

ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ ఓపిక కంటే, మీ దగ్గర మిషను ఉందా లేదా అన్నదాని కంటే, టీషర్టుల మీది ముద్రలను బట్టి ఉంటుంది. ఛాతీ అంతా పరచుకున్న దళసరి రబ్బరు ముద్ర మీద చేతిసూది నడవదు. నడిపినా పడిన రంధ్రం పూడదు, అక్కడి నుంచి ముద్ర పగులుతుంది. చేతికుట్టులో అలాంటి చోట బొమ్మ చుట్టూ తిరిగి కుట్టుకోవాలి. పదిహేనింటిలో నాలుగైదు అలాంటివైతే ఇబ్బంది లేదు, వాటిని దూరదూరంగా అమర్చుకోవచ్చు. పది దాటితే చేతికుట్టు బొంత మీద కుట్టు లేని పెద్ద మచ్చలు మిగులుతాయి, అప్పుడు మొదటి పద్ధతికో మూడో పద్ధతికో వెళ్ళడమే నయం. నీటి రంగుతో గుడ్డలోకి ఇంకిపోయిన పలుచని ముద్రలకు ఈ చిక్కు లేదు.

ఇస్త్రీ విషయంలోనూ ముద్రలే జాగ్రత్త అడుగుతాయి. రబ్బరు ముద్ర మీద ఇస్త్రీపెట్టెను నేరుగా ఎన్నడూ పెట్టకూడదు. వెనక నుంచి క్యాన్వాస్ అతికించేటప్పుడు కూడా వేడి ముందుకు దిగి, ముద్ర కింది గుడ్డకు అంటుకుపోతుంది. మా చెల్లెలి కూతురి బడి టీషర్టు మీది పసుపు పొద్దుతిరుగుడు పువ్వులో సగం రేకులు నా ఇస్త్రీ దుప్పటి మీదకు వచ్చేశాయి. అప్పటి నుంచి కేకులు కాల్చేటప్పుడు పళ్ళెంలో వేసే కాగితాన్ని కింద పరచకుండా నేను ఇస్త్రీ మొదలుపెట్టలేదు.

లోపలి పొర: వేయాలా, వద్దా?

మన కోస్తా జిల్లాలలోనూ, హైదరాబాదులోనూ వాడే బొంతకు లోపల ఏదీ వేయనక్కరలేదు. టీషర్టు గుడ్డ, దాని కింద మూడు పొరల చీర కలిస్తే డిసెంబరు తెల్లవారుజాములకు చాలు. లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వంటి చలిచోట్ల ఉండేవారికీ, ఎముకలు కొరికే చలి దేశాలలో ఉన్న మనవారికీ లోపలి పొర కావాలి. దానికి మూడు దారులున్నాయి. పాత పలుచని కంబళిని మధ్యలో పరచడం అన్నిటికంటే సులువు, కాని తడిస్తే బొంతను పిండడానికి ఇద్దరు మనుషులు కావాలి. పాలిస్టరు ఫైబరు షీటు తేలిక, ముడుచుకోదు, త్వరగా ఆరుతుంది, కాని వేసవిలో ఉక్కపోత. పరచిన పత్తి షీటు వెచ్చదనంలోనూ గాలి ఆడటంలోనూ మేలైనది, అయితే మొదటి ఉతుకులో కొంత ముడుచుకుంటుంది. రజాయిలో నింపినట్టు ఏకిన విడి దూదిని మాత్రం తొలిసారి కుట్టేవారు ముట్టుకోవద్దు. దగ్గరదగ్గరగా కుట్టకపోతే అది ఒక్క ఉతుకుతోనే ఉండలు కడుతుంది, టీషర్టు మీద అంత దగ్గర కుట్టు వేయడం కష్టం. క్యాన్వాస్ అతికించిన బొంతకు లోపలి పొర కూడా వేస్తే అది బిగుసుకుపోతుంది కనుక ఆ రెంటినీ కలపకపోవడమే మంచిదని నా సలహా.

వెనక గుడ్డ

వెనక టీషర్టు గుడ్డే వేస్తే రెండువైపులా మెత్తగా ఉంటుందని కొందరు ఆశపడతారు. రెండు సాగే పొరల మధ్య కుట్టు నిలవదు కనుక తొలి బొంతకు అది వద్దు. కొత్త దుప్పటి నేత బిగువుగా ఉండి చేతిసూదిని ఎదిరిస్తుంది, మిషనుకైతే ఫరవాలేదు, కాని ముందు ఉతికి ముడుచుకోనివ్వాలి. వాడి వాడి మెత్తబడిన నూలు చీరకు సాటి వచ్చేది నాకు కనిపించలేదు. వెంకటగిరి చీర నాజూకు నేత కనుక ఒంటికి హాయిగా ఉంటుంది, కాని బాగా పాతదైతే త్వరగా పిగులుతుంది. మంగళగిరి చీర నేత బిగువు, ఎక్కువకాలం మన్నుతుంది. గద్వాల చీరైతే పట్టు అంచూ కొంగూ విడదీసి నూలు భాగమే వాడుకోవాలి. ఏ చీరైనా జరీ ఉంటే కత్తిరించేయాలి, అది మెడకు గీరుకుంటుంది. సింథటిక్ చీరలు జారిపోతాయి, వాటితో మొదలుపెడితే మొదటి రోజే విసుగు పుడుతుంది.

పొరలను కలపడం: వరస కుట్టా, ముడులా?

చేతి బొంతలో వరస కుట్టే పొరలను కలుపుతుంది కనుక అక్కడ ఈ ప్రశ్న రాదు. మిషను మీద అతికిన పై పొరను లోపలి పొరకూ వెనక గుడ్డకూ కలపాలన్నప్పుడే ఎంపిక. ఇంటి మిషను మెడ కింద ఖాళీ ఆరేడు అంగుళాలకు మించదు. 45 అంగుళాల బొంతను చుట్టగా చుట్టి అందులో దూర్చి, నడిమి నుంచి మొదలుపెట్టి అంచులకు కుట్టుకురావాలి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడిమికి తోసుకొస్తాయి. బరువు కిందకు వేలాడకుండా పక్కన బల్లో కుర్చీయో వేసుకోవాలి.

ఇంతకంటే సులువైనది ముడులు వేయడం. లావు నూలు దారాన్ని పై నుంచి వెనక్కి దించి, పక్కనే పైకి తీసి, రెండు ముళ్ళు బిగించి, కొసలు అర అంగుళం వదలాలి. బెత్తెడుకో ముడి వేస్తే మరీ మంచిది, ఆరు అంగుళాలకు మించి దూరం ఉండకూడదు. ముడి బొమ్మ మీద పడకుండా దాని పక్కన పడేలా చూసుకోవచ్చు కనుక రబ్బరు ముద్రలకు ఇదే తగిన మార్గం. చంటిపిల్లలు కప్పుకొనే బొంతకు మాత్రం ముడులు వద్దు, కొసలు నోట్లో పెట్టుకుంటారు.

అమర్చడం గురించి ఒక మాట

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న ఊరి నల్లజాతి స్త్రీలు చిరిగిన పని దుస్తులతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్‌లోని లలితకళల మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో అక్కడి తపాలా శాఖ బిళ్ళలు కూడా విడుదల చేసింది. వాటిలో చాలావాటికి సమానమైన చదరాలు లేవు, గీతలు వంకరగా పోతాయి, ఆ వంకరలోనే వాటి అందం ఉంది. అతుకుల బొంత అన్న మాటను మనం ఎత్తిపొడుపుగా వాడటం నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది. అయినా తొలి బొంతకు సమాన చదరాలనే ఎంచుకోమంటాను, ఎందుకంటే వేర్వేరు కొలతల ముక్కలను మిషను మీద కలపాలంటే ఏది ముందు, ఏది వెనక అని ముందే కాగితం మీద గీసుకోవాలి. చేతికుట్టులో ఆ బెడద లేదు, అక్కడ స్వేచ్ఛ తీసుకోవచ్చు. ఛాతీ మీది చిన్న గుర్తు ఒక్కటే ఉన్న చొక్కా అయితే వెనక వైపు ముద్రను వాడండి. రెండువైపులా మంచి ముద్రలుంటే ఒకే చొక్కా నుంచి రెండు చదరాలు తీయవచ్చు. అమర్చినదాన్ని ఫోటో తీసి పెట్టుకుంటే ముక్కలు తారుమారు కావు.

ఇతరుల చేత చేయించుకోవడం

అమెరికాలో ఉండే మన వారికి ఇంకొక సౌకర్యం ఉంది. పై పొర మాత్రం తాము అతికి ఇస్తే, లాంగ్‌ఆర్మ్ అనే పెద్ద మిషన్లు గలవారు చదరపు అంగుళానికి ఇంత అని తీసుకొని పొరలను కలిపి కుట్టి ఇస్తారు. మా చెల్లెలు అలాగే చేయించింది. ఇక్కడైతే బొంతలు కుట్టే పెద్దవాళ్ళు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వారికి ఇచ్చేటప్పుడు ముక్కలు మీరే కత్తిరించి, కచ్చా కుట్టు వేసి ఇవ్వండి, ఏ బొమ్మ మీకు ముఖ్యమో చెప్పండి. టీషర్టులు సంచితో ఇచ్చేసి వస్తే ఎంతో ఇష్టమైన ముద్ర అతుకులోకి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. చనిపోయినవారి దుస్తులైతే ఎవరి చేతికీ కత్తెర ఇవ్వవద్దని నేను చెబుతాను. ఆ మొదటి కోత ఇంటివాళ్ళ చేతులమీదుగానే పడాలి. అవి తొలి ప్రయత్నంగానూ వద్దు, ముందు మామూలు టీషర్టులతో నాలుగు చదరాల చిన్న బొంత కుట్టి చేయి కుదిరాక వాటిని తీయండి.

ఇప్పుడు ఎవరైనా వచ్చి పదిహేను టీషర్టులు ముందు పెట్టి ఏం చేయమంటారని అడిగితే, ముద్రలు పలుచనివైతే చీర పరుపు మీద చేతికుట్టే మొదలుపెట్టమంటాను. మిషను అలవాటు ఉండి, ముద్రలు పెద్దవై, హాస్టలులోనో విదేశంలోనో యంత్రంలో తరచూ ఉతకవలసి వస్తుందంటే క్యాన్వాస్ వైపు పంపుతాను. జెర్సీలు ఎక్కువైతే లైనింగు వేసుకోమంటాను. మూడు రకాలూ కలిసి ఉంటే క్యాన్వాస్ ముక్కలను, లైనింగు ముక్కలను ఒకే బొంతలో కలపవచ్చు, మందంలో తేడా పెద్దగా తెలియదు.

ఏ పద్ధతిలో కుట్టినా కత్తిరించగా మిగిలిన చేతులను పారేయకండి. ఏ చొక్కా చేతులను ఆ చొక్కా పేరుతో విడిగా చుట్టి, కుట్టిన దారపు ఉండతో కలిపి ఒక సంచిలో పెట్టుకోండి. నాలుగేళ్ళకు ఏ చదరమో ముందుగా పిగులుతుంది. ఉతికి ఉతికి బొంత ఏ రంగుకు వెలిసిందో ఆ రంగుకు వచ్చేదాకా ఆ చొక్కా చేతి ముక్కనూ ఉతికి మాసిక వేస్తే, అతుకు ఎక్కడుందో మీకు తప్ప మరొకరికి కనిపించదు.